జైల్లో పోయిన ఏళ్లకు సర్కారు బాకీ పడదా?

ప్రశ్న: అయ్యా, మాది ప్రొద్దుటూరు. పుట్టిల్లు జమ్మలమడుగు దగ్గర పల్లె. 2019లో మా ఊర్లో జరిగిన హత్య కేసులో పదకొండు మంది పేర్లు రాస్తే అందులో మా తమ్ముని పేరు కూడా పెట్టినారు. ఆ రాత్రి వాడు ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ యూనిట్లో డ్యూటీలో ఉన్నాడు. చెప్పినా పోలీసులు వినలేదు. మొదట నాలుగు నెలలు రిమాండులో ఉండి బెయిలు మీద వచ్చినాడు. 2021లో యావజ్జీవం పడింది. ఏడు నెలల కింద హైకోర్టు కేసు కొట్టేసింది. మొత్తం నాలుగేళ్ల తొమ్మిది నెలలు లోపలున్నాడు. వకీళ్ల ఫీజులకు ఎకరన్నర శనగ చేను అమ్మినాము. ఆ దిగులుతోనే అమ్మ పోయింది. కుదిరిన పెళ్లి తప్పిపోయింది. ఇప్పుడు వాడు ఇల్లు కదలడు, రాత్రి నిద్రపోడు. పోయిన ఏళ్లకు గవర్నమెంటు ఏమన్నా ఇస్తుందా అని అడిగితే అందరూ ‘బయటికొచ్చినాడు గదా, అదే పదివేలు, ఊరుకోండి’ అంటున్నారు. మా ఆయన కూడా పోలీసోళ్లతో మళ్లీ ఎందుకు టెన్షన్ అంటాడు. అడగడం తప్పా? తీర్పు కాపీ పంపిస్తున్నాను.
– ఒక అక్క, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, అడగడం తప్పు కాదు. మీ తమ్ముడికి ప్రభుత్వం బాకీ పడింది. ఆ బాకీ వసూలు చేసుకోవడానికి మన దేశంలో సరైన చట్టం లేకపోవడం మీ దురదృష్టం, మనందరి సిగ్గు. ఉన్న దారులు ఇరుకైనవి. వాటిలో ఒకటి ఇంకో ఐదు నెలల్లో మూసుకుపోతుంది. అందుకే ముందు గడువు సంగతి చెబుతాను.

అన్యాయంగా కేసు పెట్టి జైలుపాలు చేశారని సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయడానికి లిమిటేషన్ చట్టం 74వ ఆర్టికల్ ఒక్క ఏడాదే గడువు ఇచ్చింది. నిర్దోషిగా విడుదలైన రోజు నుంచి ఆ లెక్క మొదలవుతుంది. మీకు ఏడు నెలలు అప్పుడే గడిచిపోయాయి. పైగా ప్రభుత్వం మీద, ఉద్యోగ ధర్మంలో చేసిన పనికి పోలీసు అధికారి మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చే నోటీసును జిల్లా కలెక్టరు ఆఫీసులో అందజేసి రశీదు తీసుకోవచ్చు. ఆ రెండు నెలలను గడువులో లెక్కపెట్టరని చట్టంలోనే ఉంది. అయినా ఆ వెసులుబాటును నమ్ముకుని కూర్చోవద్దు. ఈ నెలలోనే నోటీసు వెళ్లాలి.

ఫీజుకు డబ్బు లేదని ఆగకండి. కడపలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆదాయం లేని మీ తమ్ముడికి అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. నష్టపరిహారం దావాలో అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు పెరుగుతుంది. చాలామంది వెనకడుగు వేసేది అక్కడే. కట్టలేనివాళ్లు ఆ సంగతి కోర్టుకు చెప్పుకుని దావా వేసుకునే వీలుంది. కోర్టుల్లో దాన్ని పాపర్ సూట్ అంటారు. ఆ మాట వినడానికి బాగుండదు, కానీ దానికి నామోషీ పడాల్సిందేమీ లేదు.

ఇప్పుడు అసలు కష్టం. నిర్దోషి అని తీర్పు వచ్చినంత మాత్రాన నష్టపరిహారం రాదు. 2002 నాటి అక్షర్‌ధామ్ దాడి కేసులో ఉరిశిక్ష పడినవాళ్లతో సహా కొందరిని సుప్రీంకోర్టు 2014లో నిర్దోషులని విడిచిపెట్టింది. దర్యాప్తు తీరును గట్టిగానే మందలించింది. వాళ్లు పరిహారం కోసం మళ్లీ అదే కోర్టుకు వెళ్తే, విడుదలైన ప్రతివారికీ ఇస్తూ పోతే ప్రమాదకరమైన ఆనవాయితీ అవుతుందని 2016లో తోసిపుచ్చింది. సివిల్ దావాలో అయితే నాలుగు సంగతులు మీరే రుజువు చేయాలి. అవతలివాళ్లే కేసు నడిపారని, అది మీకు అనుకూలంగా ముగిసిందని, కేసు పెట్టడానికి తగిన ఆధారం లేదని, దురుద్దేశంతోనే పెట్టారని. మొదటి రెండింటికీ కాగితాలు చాలు. నాలుగోది కొండంత బరువు. పోలీసు మనసులో ఏముందో జైల్లో ఉన్నవాడు ఎట్లా రుజువు చేస్తాడు?

అయితే మీరు పంపిన తీర్పు శ్రద్ధగా చదివాను. అందులో మీకు పనికొచ్చే సంగతులు మూడున్నాయి. ప్రత్యక్ష సాక్షులమని చెప్పిన ఇద్దరి పేర్లు శవ పంచనామాలో ఎక్కడా లేవు. వాళ్ల వాంగ్మూలాలు హత్య జరిగిన చాలా రోజుల తర్వాత రాశారు. అన్నిటికన్నా ముఖ్యం, యూనిట్ హాజరు రిజిస్టరు గురించి తనకు చెప్పారనీ, అయినా వెళ్లి చూడలేదనీ దర్యాప్తు అధికారి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్నాడు. ఎర్రగుంట్ల ఏమంత దూరమని? బండి వేసుకుని వెళ్లి ఒక్క రిజిస్టరు తిరగేసి ఉంటే మీ తమ్ముడు ఇన్నేళ్లు లోపల ఉండేవాడు కాదు. తెలిసీ ఆధారాన్ని పక్కన పెట్టడం మామూలు పొరపాటు కింద పోదు. మీ నోటీసు, మీ దావా ఈ ఒప్పుకోలు చుట్టూనే నడవాలి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. క్రిమినల్ కోర్టు తీర్పును సివిల్ కోర్టు ఉన్నపళంగా రుజువుగా తీసుకోదు. ఆ రిజిస్టరును, యూనిట్ మేస్త్రీని మళ్లీ కోర్టు ముందుకు తీసుకురావలసి ఉంటుంది.

దావా ఎవరి మీద వేయాలన్న దాంట్లో మాత్రం నా మాట గట్టిగా వినండి. ప్రభుత్వం మీద వేయండి, దర్యాప్తు అధికారిని చేర్చండి. ఫిర్యాదు ఇచ్చిన కుటుంబాన్ని చేర్చవద్దు. చట్టం ప్రకారం చేర్చవచ్చు, వకీలు చేర్చమనే అనవచ్చు. కానీ మీరు ఆ ఊరి మట్టిలో పుట్టినవాళ్లు. మన జిల్లాల్లో హత్య జరిగాక ఫిర్యాదులో ఎవరెవరి పేర్లు రాయాలో పెద్దమనిషి ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం ఎవరికీ తెలియని రహస్యం కాదు. చేసినవాళ్ల పేర్లతో పాటు అవతలి పార్టీలో నాలుగు రూపాయలు సంపాదించేవాడి పేరు, కోర్టు ఖర్చులు పెట్టగలిగేవాడి పేరు కూడా చేరతాయి. ఐదుగురికి తగ్గని గుంపులో ఒకడని చూపిస్తే చాలు, చెయ్యి ఎత్తకపోయినా హత్యానేరం చుట్టుకునే సెక్షన్ ఒకటుంది. పాత ఐపీసీలో అది 149, ఇప్పటి న్యాయ సంహితలో 190. పదకొండు పేర్లు అందుకే. ఇట్లాంటి కేసుల్లో ఒక్క సాక్షి మాట మీద ఆధారపడకుండా ఇద్దరు ముగ్గురి సాక్ష్యం పొంతన కుదిరితేనే శిక్ష వేయడం మంచిదని సుప్రీంకోర్టు ఎప్పుడో మసాల్తీ కేసులో చెప్పింది. ఫిర్యాదులో పేరు ఎవరైనా రాయవచ్చు. ఆ పేరు నిజమో కాదో తేల్చడానికే పోలీసుకు జీతమిస్తున్నాం. అందుకే బాధ్యత అక్కడ పెట్టండి. చనిపోయిన మనిషి ఇంటితో మీకు కొత్త పగ వద్దు.

రెండో దారి అమరావతిలో హైకోర్టు. రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. 21వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛను ప్రభుత్వమే హరించిందని తేలితే హైకోర్టు, సుప్రీంకోర్టు నేరుగా పరిహారం ఇప్పించగలవు. 1983లో బిహార్‌కు చెందిన రుదుల్ షా కేసుతో ఈ తలుపు తెరుచుకుంది. ఆయన 1968లోనే నిర్దోషిగా తేలినా 1982 దాకా, అంటే 14 ఏళ్లు, జైల్లోనే ఉంచారు. సుప్రీంకోర్టు ఇప్పించింది 30 వేల రూపాయలు. అంతకుముందు ప్రభుత్వం ఇచ్చిన ఐదు వేలతో కలిపి 35 వేలు. రిట్‌కు ఏడాది గడువు లాంటిది లేదు కానీ ఆలస్యం చేస్తే ఎందుకని అడుగుతారు. వాస్తవాల మీద వాదం లేనప్పుడే హైకోర్టు రిట్‌లో పరిహారం ఇస్తుంది. సాక్షులను విచారించాల్సి వస్తే సివిల్ కోర్టుకు పొమ్మంటుంది. మీ విషయంలో దర్యాప్తు అధికారి ఒప్పుకోలు రికార్డులోనే ఉంది కాబట్టి రిట్‌కూ అవకాశం ఉందని నా అభిప్రాయం. ఏది ముందు వేయాలో వకీలుతో కూర్చుని తేల్చుకోండి. రిట్ వేశామని సివిల్ గడువు దాటనివ్వవద్దు.

మన దగ్గరే గెలిచిన దావా ఒకటుంది. మీ వకీలుకు కూడా గుర్తుచేయండి. 1977 మే నెలలో, ఐదో తేదీ దాటి ఆరో తేదీ తెల్లవారకముందే కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు వేశారు. రిమాండు ఖైదీలుగా లోపలున్న తండ్రీకొడుకుల్లో తండ్రి చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయారు, కొడుకు రామకృష్ణారెడ్డి గాయాలతో బతికారు. జైల్లో ఉన్నవాళ్లను కాపాడలేకపోయారని ఆ కుటుంబం ప్రభుత్వం మీద దావా వేసింది. ఏడాది గడువు దాటిందని కింది కోర్టు కొట్టేసింది. సార్వభౌమాధికారంతో చేసిన పనులకు దావా చెల్లదని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు రెండింటినీ పక్కనబెట్టి 1,44,000 రూపాయలు ఇవ్వమంది, మూడేళ్ల గడువు వర్తిస్తుందంది. 2000లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. జైల్లో ఉన్నా మనిషి మనిషే, అతని ప్రాథమిక హక్కుల ముందు ప్రభుత్వం సార్వభౌమత్వం అడ్డం పెట్టుకోలేదు అన్నది ఆ తీర్పు సారం. అది తప్పుడు శిక్ష కేసు కాదు. అయినా ప్రభుత్వం మీద దావా వేయడమే కుదరదని మీతో ఎవరన్నా అంటే ఈ కోయిలకుంట్ల తీర్పు చూపించండి. మూడేళ్ల మాటను మాత్రం ఆఖరి ఆయుధంగానే ఉంచుకోండి. 1977లో జరిగినదానికి 2000లో ముగింపు వచ్చిందన్నది కూడా దాచకుండా చెబుతున్నాను.

మానవ హక్కుల కమిషన్ గురించి ఎవరో ఒకరు మీకు చెబుతారు. దాన్ని 2021లో కర్నూలులో పెట్టినప్పుడు మన సీమవాళ్లకు దగ్గరైంది, నిజమే. కానీ ఘటన జరిగిన ఏడాది దాటిన ఫిర్యాదులను అది విచారించకూడదని చట్టంలో ఉంది. ఇచ్చేది కూడా సిఫారసే. దాని మీద ఆశ పెట్టుకుని ఈ ఐదు నెలలు పోగొట్టుకోవద్దు.

చాలామంది వకీళ్లు కూడా వాడని పని ఒకటి చెబుతాను. 2014 జనవరిలో గుజరాత్‌కు చెందిన కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఒక ఆదేశం ఇచ్చింది. కేసు కొట్టేసిన ప్రతిసారీ పోలీసు, ప్రాసిక్యూషన్ విభాగాల సీనియర్ అధికారుల కమిటీ కూర్చుని, ఎక్కడ తప్పు జరిగిందో రాసి, తప్పు చేసిన అధికారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని. మీ తమ్ముడి కేసు విడుదలను ఆ కమిటీ చూసిందా, ఏం రాసింది, దర్యాప్తు అధికారి మీద ఏం చర్య తీసుకున్నారు అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఎస్పీ ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. చూశామంటే ఆ కాగితం మీ చేతికి బలం. చూడలేదంటే ఆ జవాబే రిట్‌లో మొదటి కాగితం అవుతుంది.

మీవాళ్లు ‘అదే పదివేలు’ అంటున్నారు కదా, ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి. అట్లా అనడంలో చెడు ఉద్దేశం లేదు. పోలీసు కేసు నుంచి ప్రాణంతో బయటపడితే చాలనుకునే అనుభవం మన పల్లెలకు తరాలుగా ఉంది. కానీ ఆ మాట వెనక చేరి ప్రభుత్వం సుఖంగా కూర్చుంది. అసలు పరిహారానికి మన దగ్గర లెక్కే లేదు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో జరిగిన ఆయేషా మీరా హత్య కేసు గుర్తుండే ఉంటుంది. ఆ కేసులో యావజ్జీవం పడిన యువకుడిని ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టి, లక్ష రూపాయలు ఇవ్వమంది. మరుసటి ఏడాదే, 50 రోజులు కస్టడీలో ఉన్న ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించింది. ఆయనకు ఎక్కువ ఇచ్చారని నేననడం లేదు. ఆయన జీవితం నాశనమైన తీరుకు అదీ తక్కువే. కానీ ఎనిమిదేళ్లు పోగొట్టుకున్న కూలివాడికి లక్ష ఏ లెక్కన? ఏ లెక్కా లేదు. జడ్జిగారి మనసును బట్టి, వకీలు వాదనను బట్టి, మనిషి పేరును బట్టి.

అదే మీ తమ్ముణ్ని బస్సు గుద్ది ఉంటే? కడపలో ఏ వకీలు గుమాస్తానడిగినా ఓపీ, అంటే పరిహారం పిటిషన్, వేద్దాం రమ్మంటాడు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో డ్రైవరు నిర్లక్ష్యం చూపిస్తే చాలు, కావాలని గుద్దాడని రుజువు చేయనక్కర్లేదు. 2009లో సరళా వర్మ కేసు తీర్పు తర్వాత వయసును బట్టి గుణకం పట్టికే ఉంది. 26 నుంచి 30 ఏళ్ల మధ్యవాడు చనిపోతే ఏడాదికి ఇంటికి అందే సంపాదనను 17తో హెచ్చవేస్తారు. పేదవాడికీ ధనవంతుడికీ పద్ధతి ఒకటే. పల్లెల్లో కూడా ఈ లెక్క తెలిసినవాళ్లు ఉన్నారు. రోడ్డు మీద పోయిన కాలికి లెక్క కట్టగలిగిన దేశం, తన జైల్లో పోయిన ఐదేళ్లకు లెక్క కట్టలేనంటే నేను నమ్మను.

ఇప్పుడున్న క్రిమినల్ చట్టంలో దొరికేది ఎంతో చెబితే మీకు కోపం వస్తుంది. తగిన కారణం లేకుండా అరెస్టు చేయించినవాడి చేత మెజిస్ట్రేటు ఇప్పించగలిగేది అత్యధికంగా వెయ్యి రూపాయలు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 358వ సెక్షన్‌గా ఉన్నది, 2024 జూలై 1న వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 399గా మారింది. నంబరు మారింది, వెయ్యి మారలేదు. అంత పెద్ద చట్టాన్ని తిరగరాస్తున్నప్పుడు చేర్చడానికి సిఫారసులు సిద్ధంగా ఉన్నాయి కూడా. ఢిల్లీ హైకోర్టు అడిగిన మీదట లా కమిషన్ 2018 ఆగస్టులో 277వ నివేదిక ఇచ్చింది. జిల్లాకో ప్రత్యేక కోర్టు, త్వరగా ముగిసే విచారణ, రెండేళ్ల గడువు, మధ్యంతర సాయం, డబ్బుతో పాటు మానసిక వైద్యం, ఉపాధి శిక్షణ, ప్రభుత్వం ముందు చెల్లించి తర్వాత తప్పు చేసిన అధికారి నుంచి రాబట్టుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. శిక్ష పడినవాళ్లనే కాకుండా విచారణ ఖైదీలుగా మగ్గినవాళ్లనూ చేర్చింది. అది చాలా ముఖ్యం. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ఆ నివేదిక అట్లాగే ఉంది. 2025 జూలైలో ఒక తమిళనాడు కేసులో ఉరిశిక్ష పడిన మనిషిని నిర్దోషిగా వదులుతూ సుప్రీంకోర్టు, ఇట్లాంటివాళ్ల పరిహారం గురించి చట్టసభ ఆలోచించాలని మళ్లీ అంది.

ఆ నివేదికతోనూ నాకు ఒక పేచీ ఉంది. అది కూడా దురుద్దేశం, సదుద్దేశం లేకపోవడం దగ్గరే ఆగింది. మీ తమ్ముడి కేసులో అధికారి కేవలం బద్ధకంతో రిజిస్టరు చూడలేదనుకోండి. పగలేదు, లంచం లేదు. అప్పుడు పోయిన ఏళ్లు తక్కువైపోతాయా? జర్మనీలో అన్యాయంగా నిర్బంధంలో గడిపిన ప్రతి రోజుకూ 75 యూరోలు చట్టంలోనే రాసిపెట్టారు. అవతల ఇంగ్లండులో 2014లో చట్టం మార్చి, తాను నేరం చేయలేదని సందేహానికి తావు లేకుండా చూపినవాళ్లకే పరిహారం అన్నారు. దాంతో నిజంగా అన్యాయమైపోయినవాళ్లు కూడా చాలామంది ఉత్త చేతులతో తిరిగి వెళ్తున్నారు. మనం చట్టం రాసుకునేటప్పుడు ఆ పొరపాటు చేయకూడదు.

అయితే సీమలో ఈ మాట ఎత్తగానే ఒక ప్రశ్న లేస్తుంది. సాక్షులను బెదిరించి, రాజీలు చేసుకుని, నరికినవాడే నిర్దోషిగా బయటికొస్తున్నాడు గదా, వానికీ ప్రభుత్వం డబ్బివ్వాలా? ఇట్లా అడిగేవాళ్లను తప్పుపట్టలేం. వాళ్లలో మనిషిని పోగొట్టుకుని, కోర్టులో సాక్షి ఎదురుతిరుగుతుంటే చూస్తూ కూర్చున్న ఆడవాళ్లు ఉన్నారు. నా జవాబు ఇది. సాక్షులు ఎదురుతిరిగి వీగిపోయిన కేసు వేరు, సాక్ష్యమే లేని కేసు వేరు. ఆ తేడా తీర్పు చదివిన ఎవరికైనా తెలుస్తుంది. విడుదల చేసే కోర్టే తీర్పు చివర ‘ఈ మనిషి పరిహారానికి అర్హుడు’ అనో, ‘కాదు’ అనో కారణాలతో రాయాలని చట్టం పెడితే సరిపోతుంది. కాదన్నవాడు ప్రత్యేక కోర్టులో రుజువు చేసుకోవచ్చు. అవునన్నవాడికి రోజుల లెక్క చాలు, ఎవరి దురుద్దేశాన్నీ తవ్వనక్కర్లేదు. ఇంకో మాట. మీ తమ్ముణ్ని లోపల పెట్టినంత కాలం ఆ హత్య చేసినవాళ్లలో ఒకడు బయట తిరిగాడేమో ఎవరూ వెతకలేదు. చనిపోయినవాళ్ల ఇంటికి కూడా ఈ దర్యాప్తు అన్యాయమే చేసింది.

చట్టం ఢిల్లీలోనే రావాలని లేదు. క్రిమినల్ ప్రొసీజర్ కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో ఉంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకోవచ్చు. ఉత్త జీవోతో పని కాదని మనకు అనుభవమే. మక్కా మసీదు పేలుళ్ల కేసుల్లో పట్టుకుపోయి తర్వాత విడుదలైన యువకుల్లో కొందరికి మూడేసి లక్షలు, మిగతావాళ్లకు ఇరవయ్యేసి వేలు ఇస్తూ ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, 2013లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. నేర బాధితులకు పరిహారం ఇచ్చే పథకం ప్రతి రాష్ట్రంలో ఉండాలని చట్టం చెప్పింది కాబట్టి అది నిలబడింది. నిర్దోషులకూ అట్లాంటి సెక్షన్ ఒకటి కావాలి. మీ ఎమ్మెల్యే ఓటుకు వచ్చినప్పుడు రోడ్డు అడుగుతారు, నీళ్లు అడుగుతారు. దీన్ని కూడా అడగండి.

ఇక మీవాడి సంగతి. నిద్ర లేకపోవడం, గడప దాటకపోవడం మొండితనం కాదు. ఇంట్లో ఎవరూ ‘ఇంకా ఎన్నాళ్లు’ అని అనవద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఫీజు లేదు. కడప ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. ఆ చీటీలు దాచండి, దావాలో పనికొస్తాయి. స్టేషన్లో అతని పేరున రౌడీ షీటు గానీ సస్పెక్ట్ షీటు గానీ తెరిచి ఉంటే తీర్పు కాపీ జతచేసి మూసేయమని ఎస్పీకి రాతపూర్వకంగా అడగండి. మీ ఆయన భయపడేది ఈ షీటు గురించే అయితే, అడగకపోతేనే అది కొనసాగుతుందని చెప్పండి. నోటీసు కలెక్టరు ఆఫీసుకు, పోస్టులో వెళ్తుంది. స్టేషను మెట్లు ఎక్కే పని లేదు. అయినా ఎవరైనా ఇంటికొచ్చి బెదిరిస్తే తేదీ, వేళ రాసిపెట్టి, అదే రోజు న్యాయ సేవాధికార సంస్థకు తెలపండి.

ఇది చదువుతున్న మిగతా ఇళ్లకు ఒక మాట. యావజ్జీవం పడి అప్పీలు తేలకుండా శిక్ష తర్వాత ఐదేళ్లు జైల్లో గడిపినవాళ్లకు, కొన్ని రకాల కేసులు మినహా, బెయిలు ఇవ్వవచ్చని ఉమ్మడి హైకోర్టు 2016లో బచ్చు రంగారావు కేసులో చెప్పింది. మీవాళ్లు ఆ ఐదేళ్లు దాటి ఉంటే వకీలును అడగండి. ఈ చెల్లెమ్మ తమ్ముడు కొన్ని నెలల తేడాతో దానికి అందలేదు.

అమ్మా, కాగితాల పని రేపే మొదలుపెట్టండి. కడప సెంట్రల్ జైలు సూపరింటెండెంట్‌కు దరఖాస్తు పెట్టి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నాడో కస్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. చేను అమ్మిన దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. వకీళ్లకు ఇచ్చిన డబ్బుకు రశీదులు లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోన్‌పే లెక్కలు తీయండి. అతని పాత జీతం చూపడానికి యూనిట్ యజమాని నుంచి ఒక ఉత్తరం. హైకోర్టు తీర్పు మీద ప్రభుత్వం 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లిందో లేదో వకీలు వెబ్‌సైట్‌లో చూసి చెప్పగలడు. అన్నిటికన్నా ముందు, శిక్ష వేసిన సెషన్స్ కోర్టులో హాజరు రిజిస్టరుకు, దర్యాప్తు అధికారి వాంగ్మూలానికి సర్టిఫైడ్ కాపీల కోసం దరఖాస్తు వేయండి. అప్పీలు గడువు దాటాక కోర్టులో ఉన్న వస్తువులను, కాగితాలను తిరిగి ఇచ్చేయడమో, నాశనం చేయడమో జరుగుతుంది. ఆ రిజిస్టరు మీ చేతికి వచ్చాక నోటీసు ముసాయిదా నాకు పంపండి, చదివి చెబుతాను.